1968 నాటి అంబాసిడర్ మార్క్ 2: ముందు ఇంజను చూడాలా, ముందు తుప్పు చూడాలా?

#1 తెనాలి_మార్క్2

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు 1968లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 పన్నెండేళ్లుగా తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నిలిచి ఉంది. తాతగారి తరువాత నాన్నగారు కొన్నేళ్లు నడిపారు. ఒకరోజు రైల్వే గేటు దగ్గర బ్రేకు పెడలు మెత్తగా కిందిదాకా దిగిపోవడంతో, హ్యాండ్ బ్రేకు లాగి ఎలాగో ఆపి, ఇంటిదాకా తోయించుకొని వచ్చి, టార్పాలిన్ కప్పి ఊరుకున్నారు. ఆ టార్పాలిన్‌ను పోయిన నెలలో నేను తీశాను.

ఉన్న పరిస్థితిని దాచకుండా చెబుతాను. 1489 సీసీ పెట్రోలు ఇంజను, హ్యాండ్ గేరు, ఎస్‌యూ కార్బ్యురేటరు అన్నీ మొదటి నుంచీ ఉన్నవే. ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పబోతే ఇంజను అంగుళం కూడా కదలడం లేదు. డ్రైవరు వైపు తలుపుల కింద ఉండే సిల్‌లో స్క్రూడ్రైవరు పెట్టి నొక్కితే పిడిదాకా లోపలికి దిగిపోయింది. ఎడమవైపు మ్యాటు ఎత్తితే నేల కనబడుతోంది. మా ఊళ్లో ఒక మెకానిక్కు వచ్చి చూసి, ఈ ఇంజనును తూకానికి వేసి ఏదైనా డీజిలు ఇంజను దించుకోమని సలహా ఇచ్చాడు. అది నాకు ఇష్టం లేదు.

నాకు ఆదివారాలు మాత్రమే ఖాళీ. పనిముట్లు ఒక్కొక్కటే కొనుక్కుంటున్నాను. ముందు ఇంజను చప్పుడు వినాలని మనసు లాగుతోంది. అది ఒకసారి తిరిగితే మిగతా పనికి ఉత్సాహం వస్తుందని నా ఆలోచన. అనుభవజ్ఞులు ఏమంటారు?

#2 లేత్_మాస్టారు

తెనాలి గారూ, విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఇంజను బోరింగు పని (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేసే పని) చేసి, ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నవాణ్ని. ఇంజను మాట ముందు అడిగారు కనుక దానికే మొదట జవాబు చెబుతాను.

పట్టేసిన ఇంజనును ఎవరు చెప్పినా ట్రాక్టరుకు కట్టి లాగించకండి. పిస్టను రింగులు సిలిండరు గోడకు తుప్పుతో అంటుకొని ఉంటాయి. బలవంతం చేస్తే రింగు విరిగి గోడను గీరుకుంటూ పోతుంది, అప్పుడు సిలిండరును మళ్లీ తొలిపించడం, అంటే రీబోరు, తప్ప దారి ఉండదు. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్క రంధ్రంలో డీజిలు, ఇంజను ఆయిలు సమపాళ్లలో కలిపి చిన్న గ్లాసెడు పోయండి. రోజూ ఒకసారి చూసి, ఇంకినంత మేర మళ్లీ పోస్తూ పది, పదిహేను రోజులు వదిలేయండి. ఈలోగా రాకర్ కవరు తీసి, ఎనిమిది వాల్వులలో ఏదైనా పైకి రాకుండా కిందే ఉండిపోయిందేమో చూడండి. ఆ తరువాత హ్యాండిలు పెట్టి ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపాలే తప్ప ఒకే వైపు బరువు వేయకూడదు. వెంట్రుకవాసి కదిలినా అది కదిలినట్టే.

అయితే మీ ప్రశ్నలో అసలు సంగతి ఇంజను కాదు. ఈ కారుకు లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు. ఫ్లోరు, సిల్‌లు, తలుపు స్తంభాలు కలిసే బరువు మోస్తాయి. స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిన సిల్ మీద జాకీ పెట్టడానికి కూడా లేదు. నూనె పోసి ఇంజనును నానబెట్టండి, అది దాని పని చేసుకుంటుంది. మీరు మాత్రం తుప్పు దగ్గర కూర్చోండి. ఆ తరువాత బ్రేకులు. ఇంజను చివర.

#3 పాత_రంగు

మాస్టారు చెప్పిన వరుసతో ఏకీభవిస్తూనే, దానికి ముందు చేయవలసిన పని ఒకటి చెబుతాను. ఒక్క బోల్టు కూడా విప్పకముందే కారు మొత్తాన్ని, ముఖ్యంగా బానెట్ కింద, డ్యాష్‌బోర్డు వెనక, తలుపుల లోపల, రెండు మూడు వందల ఫొటోలు తీయండి. ఏడాది తరువాత ఒక క్లిప్పును చేతిలో పట్టుకొని ఇది ఎక్కడిదా అని నిలబడినప్పుడు ఆ ఫొటోలే దిక్కు. విప్పిన ప్రతి భాగాన్నీ దాని బోల్టులతో సహా ఒక సంచిలో వేసి, చీటీ రాసి పెట్టండి. పాడైపోయిందని ఏదీ పారవేయకండి. కొత్తది కొనేటప్పుడు పోల్చుకోవడానికి పాతదే కొలత.

ఇంజను మార్చమన్న సలహాను తోసిపుచ్చడం మంచి పని. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, ఛాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాన్ని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. డీజిలు ఇంజను దించిన రోజున ఆ అర్హత పోతుంది. దీని గురించి తరువాత వివరంగా రాస్తాను.

#4 ఆక్స్‌ఫర్డ్_శివార్లు

నేను ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డుకు దగ్గరలో ఉంటాను. మీ కారు పుట్టిల్లు ఇక్కడే అనవచ్చు. ఆక్స్‌ఫర్డు పక్కన కౌలీ ఫ్యాక్టరీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగానే హిందుస్థాన్ మోటార్స్ వారు 1957లో కోల్‌కతా దగ్గరి ఉత్తరపారాలో అంబాసిడర్‌ను మొదలుపెట్టారు. మోరిస్ ఇక్కడ కొన్నేళ్లకే ఆగిపోగా, అక్కడ మాత్రం 2014 మే నెల దాకా సాగింది. మోరిస్ కారు చేసిన అదే కౌలీలో ఇప్పుడు మినీ కార్లు తయారవుతున్నాయి.

ఈ చరిత్ర ఊసుపోకకు చెప్పడం లేదు. మీ 1489 సీసీ ఇంజను బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్ కుటుంబానిది. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో మొదట వాడినది కూడా ఆ కుటుంబపు 1489 సీసీ ఇంజనే. నా దగ్గర ఎంజీఏ ఒకటి ఉంది. ఆ కారును ప్రేమించేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నందువల్ల గాస్కెట్లు, వాల్వులు, బేరింగులు ఈనాటికీ కొత్తవి దొరుకుతున్నాయి. ప్రతి భాగమూ అచ్చంగా సరిపోతుందని అనలేను గాని, మీకు అక్కడ దొరకనిది ఏదైనా ఉంటే కొలతలు పంపండి, చూసి చెబుతాను.

ఇంకొక ముఖ్యమైన మాట. ఈ ఇంజను బోల్టులన్నీ అంగుళాల కొలతవి. అరంగుళం, ఏడు పదహారో వంతు, తొమ్మిది పదహారో వంతు స్పానర్లు ఉంటే చాలావరకు పని నడుస్తుంది. దగ్గరగా ఉంది కదా అని 13 మిల్లీమీటర్ల స్పానరు పెట్టి బలంగా తిప్పితే బోల్టు మూలలు అరిగి గుండ్రమవుతాయి. పన్నెండేళ్ల తుప్పు పట్టిన బోల్టుకు ఆ గతి పట్టిందంటే ఒక ఆదివారం దానికే సరిపోతుంది.

#5 తెనాలి_మార్క్2

అందరికీ ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే ఇంజనులో నూనె పోసి వదిలేశాను. మనసు ఒప్పుకోకపోయినా తుప్పు దగ్గరే కూర్చున్నాను.

వైరు బ్రష్షుతో గీకితే అసలు కథ బయటపడింది. పూర్వం ఎవరో ఆ సిల్‌ను బాగుచేసినట్టు నటించి, రంధ్రంలో గోనెగుడ్డ కుక్కి, పైన పుట్టీ పట్టించి, రంగు వేశారు. ఆ గోనెగుడ్డ తడి పీల్చుకొని ఇనుమును లోపలి నుంచి తినేసింది. చేతితో లాగితే పిడికెడు పుట్టీ, తడిసిన గుడ్డ, ఎర్రటి పొడి రాలాయి. డ్రైవరు వైపు సిల్ మొత్తం, ఎడమవైపు ముందు ఫ్లోరులో సుమారు రెండడుగుల చదరం, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట అడుగు పోయాయి. కమాన్ పట్టీలు బిగించే చోట మాత్రం సుత్తితో కొడితే ఖంగుమని మోగుతోంది.

మా వీధిలో గేట్లు, గ్రిల్లులు చేసే వెల్డరు ఉన్నాడు. అతనితో అతికించవచ్చా?

#6 రాణిగంజ్_రౌండ్స్

గ్రిల్లులు చేసే వెల్డరు మంచి పనివాడే అయి ఉండవచ్చు గాని, అతని దగ్గర ఉండే పుల్ల వెల్డింగు మీ పనికి రాదు. కారు రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ వేడికి రేకు కరిగి రంధ్రం పెద్దదవుతుంది తప్ప అతకదు. మిగ్ వెల్డింగు (సన్నని తీగ దానంతట అదే వస్తూ అతికే పద్ధతి) ఉన్నవాణ్ని వెతకండి. సిల్‌కు 18 గేజి రేకు, ఫ్లోరుకు 20 గేజి రేకు తీసుకోండి. ఏకధాటిగా గీత లాగకుండా, చుక్కచుక్కగా, ఒక చుక్క ఇక్కడ వేస్తే రెండోది జానెడు దూరంలో వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. లేకపోతే రేకు వంకర పోతుంది.

అంతకన్నా ముఖ్యమైనది కొయ్యడానికి ముందు చేయవలసిన పని. సిల్‌ను కోసేస్తే తలుపు స్తంభాల మధ్య దూరం మారిపోతుంది. నా మొదటి కారు విషయంలో, అది ఫియట్, నేను ఈ తప్పు చేశాను. కొత్త సిల్ అద్భుతంగా అతికింది. తలుపు మాత్రం మూసుకోలేదు. అందువల్ల ముందు కారును సమతలం మీద, నాలుగు చోట్ల గట్టి స్టాండ్ల మీద నిలబెట్టండి. తలుపు చట్రానికి అడ్డంగా, ఐమూలగా ఇనుప కోణాలు తాత్కాలికంగా అతికించండి. రెండు ఐమూలల కొలతలూ తలుపు పక్కనే సుద్దతో రాసి పెట్టండి. ఒక్కసారి ఒక్క వైపే కొయ్యండి. చివరి వెల్డింగుకు ముందు తలుపు బిగించి, తెరిచి, మూసి చూసుకోండి. సుమారు 1,100 కిలోల బరువున్న కారు ఇది; కింద పడుకొని పనిచేసేటప్పుడు ఒక్క జాకీని నమ్మి తల పెట్టకండి.

సామాను సంగతి అడగకపోయినా చెబుతాను. సికింద్రాబాదు రాణిగంజ్‌లో పాత స్టాకు ఇంకా అక్కడక్కడా దొరుకుతుంది. అక్కడ లేకపోతే చెన్నై పుదుపేట, అక్కడా లేకపోతే కోల్‌కతా మల్లిక్ బజార్. అంబాసిడర్ సామానుకు కోల్‌కతాను మించిన చోటు లేదు. పాత భాగాన్ని చేతిలో పట్టుకొని వెళ్లండి. పేరు చెప్పి అడిగితే తరువాతి మోడలైన మార్క్ 4 ది ఇచ్చి ఇదే అంటారు.

#7 పాత_రంగు

తుప్పు పట్టినంత మేర కోయడంలో నాకు అభ్యంతరం లేదు. కాని, ఎలాగూ వెల్డింగు చేస్తున్నాం కదా అని కారు మొత్తం రంగు గీకించి కొత్తగా పీయూ (పాలీయురిథేన్) పెయింటు కొట్టించే ఆలోచన తెనాలి గారికి ఉంటే మానుకోమని కోరుతున్నాను. బానెట్ మీద, పైకప్పు మీద ఉన్నది 1968 నాటి రంగే అయితే, అది వెలిసిపోయినా, దాన్ని మళ్లీ ఎవరూ పుట్టించలేరు. సన్నని పాలిషింగు మందుతో ఒక జానెడు చోటు రుద్ది చూడండి. కింద నుంచి ఏ రంగు వస్తుందో చూశాక నిర్ణయించుకోండి.

#8 రాణిగంజ్_రౌండ్స్

పాత రంగు గారి భక్తిని గౌరవిస్తాను గాని, తెనాలి కృష్ణా డెల్టాలో ఉందన్న సంగతి మరవకూడదు. ఆరు నెలలు తేమ ఉండే చోట పగుళ్లు వచ్చిన పాత రంగు రేకును కాపాడదు. పగులులో నీరు చేరి కింద తుప్పు పాకుతుంది. చూడడానికి చరిత్రలా ఉంటుంది, తీరా మూడేళ్లకు రేకు పోతుంది. పగుళ్లు లేని చోట ఉంచుకోండి, పగిలిన చోట రేకుదాకా దింపి ఎపాక్సీ ప్రైమరు కొట్టండి. పాత పద్ధతి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కావాలంటే అదే కొట్టించవచ్చు, దాని మెరుపు పాత కారుకు నప్పుతుంది. సిల్ లోపలి బోలు భాగంలో మాత్రం మైనం కలిసిన తుప్పు నిరోధకాన్ని గొట్టంతో పిచికారీ చేయడం మరవవద్దు. అసలు ఈ కారు సిల్‌లు లోపలి నుంచే పోతాయి.

పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకకుండా నీళ్ల కాగితంతో తడిపి రుద్దండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

#9 సందేహాల_సంచి

నేను ఈ రంగానికి కొత్త. చిన్న చిన్న భాగాల తుప్పును చాకలి సోడా నీళ్లలో ముంచి, బ్యాటరీ ఛార్జరు తగిలించి వదలగొట్టవచ్చని విన్నాను. అది నిజమేనా? స్టీలు గ్లాసు ముక్క వాడవచ్చా?

#10 వైర్ల_చిక్కు

నిజమే, ఇంట్లో చేసుకోగలిగిన పద్ధతుల్లో ఇది నాకు చాలా ఇష్టమైనది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, బకెట్టుకు రెండు మూడు చెంచాల చాకలి సోడా కలపండి. ఛార్జరు మైనస్ తీగను తుప్పు పట్టిన భాగానికి, ప్లస్ తీగను పనికిరాని మామూలు ఇనుప ముక్కకు కట్టండి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదలా వదిలిపోతుంది, మంచి ఇనుము అరగదు. స్టెయిన్‌లెస్ స్టీలును మాత్రం ప్లస్ వైపు ఎప్పుడూ కట్టవద్దు; అందులోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్లలో కలుస్తుంది. ఈ పనిలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయటే చేయాలి, దగ్గరలో నిప్పు ఉండకూడదు. అల్యూమినియం భాగాలను అందులో వేయకండి, కరిగిపోతాయి.

తెనాలి గారికి వైర్ల విషయం కూడా ఇక్కడే చెబుతాను. ఆ కాలపు లూకాస్ (బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ) పద్ధతి వైరింగులో రంగులకు అర్థం ఉంది. గోధుమరంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, దానికి ఫ్యూజు ఉండదు. తెలుపు ఇగ్నిషన్‌ది, ఆకుపచ్చ ఇగ్నిషన్ తరువాత ఫ్యూజు దాటి వచ్చినది, నీలం హెడ్‌లైట్లది, ఎరుపు పక్క లైట్లది, నలుపు ఎర్త్. యాభై ఏళ్లలో చేతికి దొరికిన తీగతో అతుకులు వేసిన మెకానిక్కులు ఈ క్రమాన్ని చెడగొట్టి ఉంటారు గాని, మూలం పట్టుకుంటే చిక్కు విడుతుంది. ఫ్యూజు లేని ఆ గోధుమరంగు తీగ పొర చిట్లి బాడీకి తగిలితే కారు తగలబడుతుంది. కొత్త బ్యాటరీ పెట్టేముందు బ్యాటరీ దగ్గర కటాఫ్ స్విచ్చి ఒకటి బిగించండి. అసలుతనం పోతుందని పాత రంగు గారు కోప్పడినా సరే.

#11 పాత_రంగు

కటాఫ్ స్విచ్చికి కోప్పడను. దాన్ని ఎప్పుడైనా విప్పేయవచ్చు.

#12 తెనాలి_మార్క్2

మూడు నెలల తరువాత వస్తున్నాను, మన్నించండి. ఆటోనగర్ నుంచి మిగ్ వెల్డింగు తెలిసిన పనివాడు నాలుగు ఆదివారాలు మా ఇంటికి వచ్చాడు. రాణిగంజ్ గారు చెప్పినట్టు ఐమూల కోణాలు వేసి, ఒక్కో వైపే కోసి, సిల్, ఫ్లోరు పూర్తి చేశాం. తలుపులు నాలుగూ వేలితో తోస్తే మూసుకుంటున్నాయి. బానెట్ మీద జానెడు చోటు రుద్దితే కింద నుంచి లేత బూడిదరంగు బయటపడింది. పైకప్పు, బానెట్ అలాగే ఉంచి, తలుపుల కింది భాగాలకు మాత్రం రంగు వేయించాలని నిర్ణయించుకున్నాను.

ఇంజను పంతొమ్మిదో రోజున కదిలింది. హ్యాండిలు గడియారపు ముల్లులాగా కొద్దికొద్దిగా జరిగి, సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది. ఆ తరువాత పాత ఆయిలు దింపి, కొత్తది పోసి, బ్యాటరీతో సెల్ఫు కొట్టి కంప్రెషన్ (సిలిండరులో లేచే ఒత్తిడి) చూశాను. ఒకటో సిలిండరు 118, రెండు 112, మూడు 60, నాలుగు 115 పీఎస్ఐ. మూడో దానిలో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూస్తే 65 మాత్రమే వచ్చింది. దీని అర్థం ఏమిటి?

#13 లేత్_మాస్టారు

శుభవార్త. ఆయిలు పోసినప్పుడు ఒత్తిడి బాగా పెరిగి ఉంటే రింగులు పోయినట్టు. పెరగలేదంటే గాలి కింది నుంచి కాక పైనుంచి పోతోంది. అంటే వాల్వు. అదీ ఎగ్జాస్టు వాల్వే అయి ఉంటుందని హెడ్డు (వాల్వులు ఉండే, సిలిండర్ల పై మూత) తీయకుండానే చెప్పగలను. ఈ ఇంజను హెడ్డులో ఎగ్జాస్టుకు మూడే దారులు ఉంటాయి. రెండో సిలిండరుకూ మూడో సిలిండరుకూ కలిపి మధ్యలో ఒకే దారి. ఆ రెండింటి పొగా అక్కడే కలిసి పోవాలి కనుక వేడి ఎక్కువ, ఆ మధ్య వాల్వులే ముందు కాలుతాయి. నా దగ్గరికి వచ్చిన అంబాసిడర్ హెడ్డుల్లో ఎక్కువ వాటికి ఇదే జబ్బు.

హెడ్డు తీసి తెచ్చినప్పుడు వాల్వు ఒక్కటే మార్చి, గ్రైండింగు చేసి పంపమని అడగకండి. ఇది సీసం కలిసిన పెట్రోలు రోజుల్లో తయారైన పోత ఇనుప హెడ్డు. ఆ సీసం వాల్వు సీటుకు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే చోటుకు) మెత్తలాగా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు కనుక, వాల్వు నెమ్మదిగా సీటులోకి కూరుకుపోతూ, దానికీ పైన రాకరుకూ మధ్య సందు తగ్గిపోతూ, చివరికి మూసుకోకుండా పోతుంది. నాలుగు ఎగ్జాస్టు సీట్లకూ గట్టి ఉక్కు రింగులు దించమని లేత్ షాపులో చెప్పండి. ఒకసారి ఖర్చు, తరువాత చింత లేదు. అసలు రూపం చెడుతుందా అని పాత రంగు గారు అడగవచ్చు. హెడ్డు లోపల ఉన్న రింగు ఎవరికీ కనబడదు.

ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరిచి, గాస్కెట్లను ఉబ్బిస్తుంది, నీటిని పీలుస్తుంది. ట్యాంకు నుంచి కార్బ్యురేటరు దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నిటినీ ఇథనాలును తట్టుకునే రకానికి మార్చండి. కారును నెలల తరబడి నిలపవలసి వస్తే ట్యాంకు ఖాళీ చేయండి. ఇంకొకటి: ట్యాంకుకు చిల్లి కనబడితే, ఖాళీగా ఉంది కదా అని ఎవరు చెప్పినా వెల్డింగు చేయించకండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరే పేలుతుంది. మా వీధిలో ఒకతని చెయ్యి అలాగే పోయింది.

#14 ఆక్స్‌ఫర్డ్_శివార్లు

హెడ్డు తిరిగి బిగించాక వాల్వు సందు సరిచేయడానికి ఒక తేలిక లెక్క ఉంది. ముందు నుంచి వాల్వులను ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టుకోండి. ఏ వాల్వు పూర్తిగా తెరుచుకొని ఉందో దాని అంకెను తొమ్మిది నుంచి తీసివేస్తే వచ్చే వాల్వును సరిచేయాలి. ఒకటి తెరుచుకొని ఉంటే ఎనిమిది, మూడు తెరుచుకొని ఉంటే ఆరు. సందు 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 0.38 మిల్లీమీటర్లు. డెల్కోలో (ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరులో) సీబీ (కాంటాక్టు బ్రేకరు) పాయింటు సందు 14 నుంచి 16 థౌ, ప్లగ్గు సందు 25 థౌ పెట్టుకోండి. ఫైరింగు వరుస 1-3-4-2.

ఆయిలు విషయంలో కొత్త కార్లకు వాడే పల్చని సింథటిక్ ఆయిళ్లు వద్దు. 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిలు, అందులోనూ జింకు పాలు ఎక్కువగా ఉన్నది ఈ రకపు ట్యాపెట్లకు మంచిది. వెనక క్రాంకు దగ్గర సీలు ఉండదు, ఆయిలును తిరిగి ఇంజనులోకి తోసే మరచుట్టు మాత్రమే ఉంటుంది. వాలులో నిలిపితే నాలుగు చుక్కలు కారుతాయి. దానికి కంగారుపడి ఇంజను దించకండి, కింద ఒక పళ్లెం పెట్టుకోండి.

#15 పాత_రంగు

నమోదు గురించి రాస్తానన్న మాట నిలబెట్టుకుంటున్నాను. వింటేజ్ వాహనంగా కొత్తగా నమోదు చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తరువాత పునర్నమోదుకు 5,000. కొత్త నంబరులో రాష్ట్రం అక్షరాల తరువాత వీఏ అనే అక్షరాలు ఉంటాయి. అప్పటికే నమోదై ఉన్న వాహనం తన పాత నంబరును ఉంచుకోవచ్చు. మీ కారుకు ఉమ్మడి రాష్ట్రపు మూడక్షరాల పాత నంబరు ఉన్నట్టు ఫొటోలో కనబడుతోంది, దాన్ని వదులుకోకండి. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ పనులకు నడపకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, ఇంధనానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. వారం వారం గుంటూరు వెళ్లి రావాలన్న కోరిక ఉంటే మామూలు ఆర్సీని పునరుద్ధరించుకోవడమే మేలు.

#16 తెనాలి_మార్క్2

మామూలు ఆర్సీయే కావాలి. నాన్నగారిని గుంటూరు తీసుకువెళ్లాలన్నదే నా కోరిక.

మాస్టారు అనుకున్నట్టే మూడో సిలిండరు ఎగ్జాస్టు వాల్వు అంచున గోరంత ముక్క కాలిపోయి ఉంది. సీట్లకు ఉక్కు రింగులు వేయించాను. నిన్న ఉదయం ప్లగ్గులు విప్పి, ఆయిలు ప్రెషరు లేచేదాకా సెల్ఫు తిప్పి, ప్లగ్గులు బిగించి స్టార్టు చేస్తే మూడో ప్రయత్నానికి అందుకుంది. పొగ తగ్గాక ఇంజను నిలకడగా తిరిగింది. నాన్నగారు వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత చోకు లోపలికి నెట్టమన్నారు.

బ్రేకులకు కొత్త మాస్టరు సిలిండరు వేసి, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లకూ ఇత్తడి స్లీవులు, కొత్త రబ్బరులు వేయించాను. పాత రబ్బరులు ఉబ్బిపోయి ఉన్నాయి. బ్రేకు ఆయిలు దొరకనప్పుడు ఎవరో ఇంజను ఆయిలు పోశారట. లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చని డ్రమ్ములను గాలి కొట్టకుండా తడిగుడ్డతో తుడిచాను.

ఇప్పుడు సమస్య ఇది. సందులో వంద గజాలు నడిపాను. బ్రేకు బాగానే పడుతోంది గాని, పెడలు వదిలాక ముందు ఎడమ చక్రం విడవడం లేదు. జాకీ ఎత్తి చూస్తే చేతితో తిరగడం లేదు. పది నిమిషాలు ఆగితే దానంతట అదే విడుతోంది. షూలు, స్ప్రింగులు, అడ్జస్టరు అన్నీ చూశాను, తప్పు కనబడలేదు.

#17 లేత్_మాస్టారు

ఆ చక్రానికి వెళ్లే రబ్బరు బ్రేకు గొట్టం మార్చారా?

#18 తెనాలి_మార్క్2

లేదండీ. పైకి పగుళ్లు లేకుండా గట్టిగా ఉందని ఉంచాను.

#19 లేత్_మాస్టారు

తప్పు అక్కడే ఉంది. పాత గొట్టం లోపలి పొర ఉబ్బి దారి మూసుకుంటుంది. కాలి బలానికి ఆయిలు అటు వెళుతుంది గాని, స్ప్రింగు బలానికి ఇటు తిరిగి రాలేదు. నెమ్మదిగా ఊరుతూ వస్తుంది కనుకనే పది నిమిషాలకు విడుతోంది. పరీక్షించడం తేలిక. ఈసారి చక్రం పట్టేసినప్పుడు బ్లీడరు నిపుల్‌ను (బ్రేకు గొట్టాల్లోని గాలి తీయడానికి చక్రం దగ్గర ఉండే చిన్న మరను) పావు చుట్టు వదలండి. ఆయిలు చిమ్మి చక్రం వెంటనే విడిపోతే గొట్టమే దోషి. ఒక్కటి మార్చి ఊరుకోకుండా ముందు రెండూ, వెనక యాక్సిలుకు వెళ్లేదీ, మూడూ మార్చండి. బ్రేకు ఆయిలు రంగు మీద పడితే రంగు ఊడిపోతుంది, నీళ్ల బకెట్టు పక్కనే ఉంచుకోండి.

#20 తెనాలి_మార్క్2

బ్లీడరు నిపుల్ వదలగానే ఆయిలు చిమ్మింది, చక్రం విడిపోయింది. గొట్టం విప్పి బ్లేడుతో నిలువుగా కోసి చూశాను. మధ్యలో దబ్బనం దూరేంత సందు కూడా లేదు. నాన్నగారికి చూపిస్తే, రైల్వే గేటు దగ్గర బ్రేకు పోవడానికి కొన్ని వారాల ముందు నుంచీ కారు ఎడమకు లాగేదని, టైరు గాలి తగ్గిందేమోనని అనుకున్నానని ఇప్పుడు చెప్పారు.

మూడు గొట్టాలకూ రాణిగంజ్ గారు చెప్పిన దుకాణానికి ఫోను చేశాను. రెండు ఉన్నాయట, వెనకది వారంలో తెప్పిస్తామన్నారు. అప్పటిదాకా కారు స్టాండ్ల మీదే ఉంటుంది.